ఆ ఒక్క ప్రశ్న అడగనివ్వండి

అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, వారాంతపు తెలుగు బడులు నడుపుతున్న పెద్దలకు,

నమస్కారం.

మీలో చాలామందికి నా ముఖం తెలుసేమో గానీ పేరు తెలీదు. మీ కార్యక్రమాలకు ముందు కుర్చీలు వేసి, అయిపోయాక మడతపెట్టి గోడకు చేర్చే వాలంటీర్లలో ఒకదాన్ని. మా పాప నాలుగో తరగతి, బాబు ఒకటో తరగతి. కాసేపు మా బాబు చేతుల్లోకి వచ్చిన ఒక వస్తువు గురించి మీకు చెప్పాలి. ఆ తర్వాత మిమ్మల్ని ఒక సాయం అడగాలి.

ఆ శనివారం మా స్నేహితుల ఇంట్లో పదిహేను కుటుంబాలం కలిశాం. పెద్దవాళ్ళం కింద, పిల్లలందరూ పైన. మధ్యమధ్యలో ఎవరో ఒకరు మెట్ల దగ్గర నిలబడి "పైన ఏం చేస్తున్నార్రా?" అని కేకేయడం, పైనుంచి "నథింగ్!" అని జవాబు రావడం, మనం నిశ్చింతగా వెనక్కి వచ్చి కూర్చోవడం. ఇది మీకూ అలవాటైన సీనే. పదకొండింటికి నిద్రలో ఉన్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాం.

బుధవారం రాత్రి పళ్ళు తోముకుంటూ, నోటి నిండా నురగతోనే వాడన్నాడు: "అమ్మా, రియల్ గన్ చాలా హెవీగా ఉంటుంది, తెలుసా?"

తుపాకీ చూశానని వాడు చెప్పలేదు. బరువుగా ఉంటుందన్నాడు. చేత్తో పట్టుకోకుండా ఆ మాట ఎలా అంటాడు? నా గుండె గుభేల్మంది. ఆ క్షణంలో నేను చేయకూడని పని చేశాను. అరిచాను. "ఎక్కడ? ఎవరింట్లో? ఎందుకు ముట్టుకున్నావ్?" అని భుజాలు పట్టి కుదిపేశాను. వాడు బ్రష్షు సింకులో పడేసి, నోరు గట్టిగా మూసుకున్నాడు. గంటసేపు మా ఆయన పక్కన పడుకోబెట్టుకుని మెల్లగా కదిలిస్తే తప్ప మిగతాది బయటికి రాలేదు.

దొంగాట ఆడుతున్నారట. వీడు, ఆ ఇంటి అబ్బాయి, ఇంకో పిల్లాడు కలిసి పడగ్గదిలో మంచం పక్కన దాక్కున్నారు. ఆ ఇంటి అబ్బాయికి ఎనిమిదేళ్ళు. మంచం పక్క సొరుగు చూపించి, "ఇందులో మా డాడీ గన్ ఉంది, మనం టచ్ చేయకూడదు" అన్నాడట. అంటూనే సొరుగు లాగి, తీసి చూపించాడు. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు పట్టుకుని చూశారు. మళ్ళీ సొరుగులో పెట్టేసి, ఆటకి వెళ్ళిపోయారు.

ఆ అబ్బాయికి నియమం తెలీదని ఎవరూ అనలేరు. తెలుసు, నోటితో చెప్పాడు కూడా. చెబుతూనే తీశాడు. ఆ రాత్రి నుంచి నా బుర్రలో తిరుగుతున్నది ఇదే.

మర్నాడు ఆ ఇంటాయనకు ఫోన్ చేశాం. మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం. ఒక నిమిషం మాట రాలేదాయనకి. తర్వాత, "మ్యాగజైన్ తీసేసే పెట్టానండీ, అది ఖాళీ" అన్నారు. తుపాకీ సంగతి తెలిసిన మా ఆయన సహోద్యోగి ఒకాయన తర్వాత మాకు వివరించారు. మ్యాగజైన్ అంటే పిడిలోకి దూర్చే తూటాల పెట్టె. అది తీసేసినా, అంతకుముందే గొట్టం మొదట్లోని ఛాంబర్‌లోకి ఎక్కిన తూటా అక్కడే ఉండిపోతుంది. పిస్తోలు పైభాగంలో ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్‌ని వెనక్కి లాగి, కళ్ళతో చూసి, వేలు పెట్టి తడిమితే తప్ప ఖాళీ అనడానికి వీల్లేదు. మ్యాగజైన్ లేకపోయినా చాలా పిస్తోళ్ళు ఆ ఒక్క తూటాను పేల్చేస్తాయి. ఈ మాట మళ్ళీ ఫోన్ చేసి ఆయనకి చెప్పాం. చూసి చెబుతానని పెట్టేశారు. గంట తర్వాత, "సేఫ్ ఆర్డర్ చేశాను, శనివారానికి వస్తుంది, అందాకా బయట లాకర్‌లో పెడుతున్నాను" అని మెసేజ్ పెట్టారు. ఛాంబర్‌లో ఏముందో అందులో రాయలేదు. మేము అడగలేదు.

తుపాకీ కొన్నందుకు ఆయన్ని తప్పుపట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు. కొనాలా వద్దా అన్న వాదన ఇక్కడ తేలేది కాదు. మన విషయం మాత్రం మనం ఒప్పుకోవాలి. వీసాల మీద ఉన్నన్నాళ్ళూ మనకి ఈ ఊసు పెద్దగా లేదు. వేట లైసెన్సులాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టమే ఉంది. గ్రీన్‌కార్డులు, పౌరసత్వాలు వచ్చాక దారి తెరుచుకుంది. గ్యాస్ స్టేషన్లు, మోటళ్ళు నడిపేవాళ్ళు రాత్రిపూట నగదు లెక్క చూసుకోవాలి. బంగారం కోసం భారతీయుల ఇళ్ళే వెతికి మరీ దోచుకుంటున్నారన్న వార్తలు చాలా రాష్ట్రాల నుంచి విన్నాం. భయం వేసింది, కొన్నారు. కానీ మన చిన్నప్పుడు మన ఇళ్ళలో తుపాకీ లేదు. దాంతో ఎలా బతకాలో మన పెద్దవాళ్ళు మనకి నేర్పలేదు. కత్తి, గ్యాస్ స్టవ్, బావి గట్టు, వీటి గురించి మన ఒంట్లోనే ఒక జాగ్రత్త ఉంటుంది. దీని గురించి లేదు.

ఈ దేశంలో 2020 నుంచి 1 నుంచి 19 ఏళ్ళ వయసువారి మరణాలకు మొదటి కారణం తుపాకీ తూటాలే. అంతకుముందు ఎన్నో ఏళ్ళు ఆ స్థానం కారు ప్రమాదాలది. తూటాలు నింపి, తాళం వేయని తుపాకీ ఉన్న ఇళ్ళలో సుమారు 46 లక్షల మంది పిల్లలు పెరుగుతున్నారని 2021 నాటి సర్వే ఆధారంగా పరిశోధకులు అంచనా వేశారు. ఈ అంకె చదివినప్పుడు నాకు ఆ సొరుగే కళ్ళ ముందు కనపడింది.

పిల్లలకి చెప్పుకుంటే సరిపోతుంది కదా అని నేనూ మొదట అనుకున్నాను. చెప్పడానికి మంచి మాటలే ఉన్నాయి. తుపాకీ యజమానుల పెద్ద సంఘం, నేషనల్ రైఫిల్ అసోసియేషన్, 1988లో మొదలుపెట్టిన కార్యక్రమం గద్ద బొమ్మతో చిన్నపిల్లలకి నాలుగు మాటలు నేర్పుతుంది: ఆగు, ముట్టుకోకు, అక్కణ్ణుంచి పరుగెత్తు, పెద్దవాళ్ళకి చెప్పు. ఇందులో తప్పుపట్టాల్సింది ఒక్క ముక్క కూడా లేదు. తేడా వచ్చేది చెప్పడానికీ చేయడానికీ మధ్యన.

2001లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చదివాక నాకు రెండు రాత్రులు సరిగ్గా నిద్రపట్టలేదు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మగపిల్లలు 64 మందిని ఇద్దరు ముగ్గురుగా ఒక గదిలో వదిలారు. సొరుగులో పేలడానికి వీల్లేని, కానీ నిజమైన పిస్తోలు పెట్టారు. అద్దం వెనకనుంచి గమనించారు. 48 మందికి అది దొరికింది. వాళ్ళలో 30 మంది చేతిలోకి తీసుకున్నారు. 16 మంది ట్రిగర్ నొక్కారు. దొరికినవాళ్ళలో దాదాపు సగం మంది అది బొమ్మో నిజమో తేల్చుకోలేకపోయారు, లేదా బొమ్మే అనుకున్నారు. ముట్టుకున్న పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా, తుపాకీ జాగ్రత్తల గురించి తమకి ముందే ఎవరో చెప్పారన్నారు.

మావాడి స్నేహితుడు ఆ తొంభై మందిలో ఒకడు. మావాడు కాడు, ఎందుకంటే మావాడికి మేము అసలేమీ చెప్పలేదు. వీడు చదివే బళ్ళో కిండర్‌గార్టెన్ నుంచి లాక్‌డౌన్ డ్రిల్ చేయిస్తారు. దీపాలార్పి, గోడ మూలకి జరిగి, చప్పుడు చేయకుండా కూర్చోవడం వీడికి బాగా వచ్చు. ఎవరో చెడ్డవాడు తుపాకీతో వస్తే ఏం చేయాలో నేర్చుకున్నాడు. మంచి అంకుల్ తుపాకీ సొరుగులో కనపడితే ఏం చేయాలో వాడికి ఎవరూ నేర్పలేదు. బడి నేర్పలేదు, నేనూ నేర్పలేదు.

ఇంకా చిన్నపిల్లల సంగతి ఇంకా బాధాకరం. నాలుగు నుంచి ఏడేళ్ళ పిల్లలకి వారం రోజులు శిక్షణ ఇచ్చి, తర్వాత తుపాకీ దొరికే చోట వదిలిపెట్టి చూస్తే, శిక్షణ అందినవాళ్ళకీ అందనివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2002లో ఒక అధ్యయనం తేల్చింది. సగం మందికి పైగా దాంతో ఆడుకున్నారు. "అంత చిన్న వేళ్ళకి బలం ఎక్కడిది?" అని ఒక స్నేహితురాలు నన్నడిగింది. చాలా పిస్తోళ్ళు పేల్చడానికి సరిపడా బలం మూడు నాలుగేళ్ళ పిల్లల్లో పావు వంతు మందికి, అయిదారేళ్ళ పిల్లల్లో 70 శాతం మందికి రెండు వేళ్ళలో ఉంటుందని 1995లోనే కొలిచి చూశారు. పైగా చిన్నపిల్లలు పెద్దవాళ్ళలా పట్టుకోరు. ఒక వేలితో నొక్కలేక, తుపాకీని తమవైపు తిప్పుకుని రెండు బొటనవేళ్ళతో నొక్కుతారు. ఇది రాస్తుంటే నా చెయ్యి వణుకుతోంది. అయినా తల్లిదండ్రులకి తెలియాలి.

మన పిల్లల చదువులో మనం మొదటినుంచీ చేసే పొరపాటే ఇక్కడా జరుగుతోందని నాకనిపించింది. శ్లోకం అప్పజెప్పించినట్టు, ఎక్కాలు వల్లె వేయించినట్టు, దీన్నీ వల్లె వేయిస్తాం. "తుపాకీ కనపడితే ఏం చేస్తావ్?" అంటే చిలక పలుకుల్లా నాలుగు ముక్కలూ చెబుతాడు. మనం తల నిమిరి మురిసిపోతాం. 2004లో నాలుగైదేళ్ళ పిల్లలతో చేసిన పరిశోధనలో సరిగ్గా ఇదే బయటపడింది: పాఠం నోటికి వచ్చింది, కానీ ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు చేతికి రాలేదు. ఆ వయసు పిల్లలకే ఇంకో రకంగా నేర్పితే మాత్రం వచ్చింది. నిజంగా తుపాకీ కనపడే పరిస్థితిని పిల్లాడికి తెలియకుండా కల్పించి, తప్పు చేసినప్పుడు అక్కడికక్కడే వెళ్ళి, కోప్పడకుండా, "ఇప్పుడేం చేయాలి? ఒకసారి చేసి చూపించు" అని అయిదారుసార్లు చేయించారు. అప్పుడు అలవాటయింది.

మేము ఇంట్లో అదే ప్రయత్నించాం. పోలీసు శిక్షణల్లో వాడే, ఒకే ముద్దగా పోత పోసిన ప్లాస్టిక్ నమూనా ఒకటి తెచ్చాం. అందులో కదిలే భాగం ఏదీ ఉండదు, పేలేదీ ఉండదు. అయినా పిల్లలకి అది బొమ్మ అని చెప్పలేదు. ముందు రెండు రోజులు మాటలతో, నటించి చూపించి నేర్పాం. మూడో రోజు సోఫా దిండు కింద పెట్టి, నేను వంటింట్లో చెవి అటువైపే వేసి నిలబడ్డాను. వాడికి దొరికింది. పరుగెత్తలేదు. "అక్కా! అక్కా! ఇటు రా, చూడు!" అని గుసగుసగా పిలిచాడు. అది పెద్దవాళ్ళకి చెప్పడం కిందకి రాదని వాడికి తెలీదు. పాప వచ్చింది, వంగి చూసింది, చెయ్యి చాపింది. నేను లోపలికి వెళ్ళాను. ఈసారి అరవలేదు. ముగ్గురం కలిసి వెనక్కి అడుగులేసి, గది దాటి, నా దగ్గరికి వచ్చి చెప్పడం మూడుసార్లు చేశాం. వారం తర్వాత మా ఆయన గ్యారేజీలో పనిముట్ల పెట్టె పక్కన పెట్టారు. వాడు సైకిలు అక్కడే పడేసి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని, "అమ్మా, గన్. నేను ముట్టుకోలేదు. నువ్వు తిట్టవుగా?" అన్నాడు.

చివర్లో ఆ మాట చూడండి. నువ్వు తిట్టవుగా?

నాలుగు రోజులు వాడు ఎందుకు చెప్పలేదో నాకప్పుడు పూర్తిగా అర్థమైంది. మా ఆయనకి ఆ రాత్రే చెప్పాడట: "చెబితే అంకుల్ వాళ్ళబ్బాయిని కొడతారు, నువ్వూ అమ్మా నన్ను తిడతారు, మళ్ళీ వాళ్ళింటికి పంపరు" అని. మూడు భయాలూ నిజమే. మన ఇళ్ళలో నిజం చెప్పిన పిల్లాడికి ముందు దక్కేది చీవాట్లే. "ముందే ఎందుకు చెప్పలేదు" అని ఒకసారి, "అసలెందుకు వెళ్ళావ్" అని ఇంకోసారి. నాలుగు మాటల్లో ఆఖరిది, పెద్దవాళ్ళకి చెప్పు అన్నది, పిల్లాడి చేతిలో లేదు, మన చేతిలో ఉంది. కాబట్టి దయచేసి మీ బడుల్లో దీన్ని నేర్పేటప్పుడు అమ్మానాన్నల్ని కూడా కూర్చోబెట్టండి. పిల్లాడు వచ్చి చెబితే మొదట అనాల్సింది "మంచి పని చేశావ్ నాన్నా" అని వాళ్ళకి కూడా రెండుసార్లు చెప్పించి అలవాటు చేయండి. నేను చదువుకున్నదాన్నే, పిల్లల్ని ప్రేమించేదాన్నే. నాకే ఆ మాట రాలేదు.

మా పిల్లలకి ఇప్పుడు వచ్చేసింది కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నానా? లేను. సోఫా కింద దొరికినప్పుడు పక్కన అక్కే ఉంది. రేపు పక్కన నలుగురు మగపిల్లలు ఉండి, "భయపడుతున్నావా?" అంటే? 2023లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి ఒక్క నిమిషం వీడియో చూపించి, వారం తర్వాత పరీక్షించారు. వీడియో ఉపయోగపడింది, ఆ మాట సంతోషంగా చెప్పుకోవాలి. చూడనివాళ్ళలో 67 శాతం మంది తుపాకీ ముట్టుకుంటే, చూసినవాళ్ళలో 39 శాతం మందే ముట్టుకున్నారు. కానీ నూటికి ముప్ఫై తొమ్మిది మంది అప్పటికీ ముట్టుకున్నారు. ఆ లెక్కలో నా పిల్లాడు ఎటువైపు ఉంటాడన్న దాని మీద నేను వాడి ప్రాణం పెట్టలేను. పాఠం నేర్పుదాం, తప్పకుండా నేర్పుదాం. భారం మాత్రం తాళం మీద వేద్దాం.

తాళం గురించి మగవాళ్ళు నాతో అన్న మాట ఒక్కటే: "దొంగ వచ్చినప్పుడు తాళం వెతుక్కుంటూ కూర్చోవాలా?" వాళ్ళ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. వేలిముద్రతోనో, మీటలు నొక్కితేనో రెండు మూడు సెకన్లలో తెరుచుకునే చిన్న పెట్టెలు మంచం పక్కనే బిగించుకోవచ్చు. కోడ్ మాత్రం పుట్టినరోజు పెట్టకండి, అది ఇంట్లో అందరికన్నా ముందు పిల్లలకే తెలుస్తుంది. డీలర్ దగ్గర చేతి తుపాకీ కొంటే దాంతోపాటు ఏదో ఒక తాళమో, భద్రపరిచే పెట్టో ఇవ్వాలని 2005 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. అలా వచ్చే కేబుల్ తాళం, అంటే తీగతో ఉండే తాళం, చాలా ఇళ్ళలో అట్టపెట్టెలోనే, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా పడి ఉంటుంది. స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్ ఖాళీ అని చూసుకుని, పైన కన్నంలోంచి కేబుల్ దూర్చి మ్యాగజైన్ ఉండే దారిలోంచి కిందకి తీసి తాళం వేస్తే, స్లైడ్ మూసుకోదు. నిమిషం పని. తుపాకీకి తాళం, తుపాకీలోంచి తూటాలు తీసేయడం, తూటాలు వేరే చోట పెట్టడం, ఆ చోటికి కూడా తాళం. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి చేసినా పిల్లలకి ప్రమాదం తగ్గుతోందని 2005లోనే అధ్యయనం వచ్చింది. పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, పిల్లలున్న ఇంట్లో తుపాకీ అసలు లేకపోవడమే అన్నిటికన్నా క్షేమమనీ, ఉంటే ఇవన్నీ చేయమనీ చెబుతుంది.

"మా పిల్లలకి అదెక్కడుందో కూడా తెలీదండీ" అన్న మాట మాత్రం నమ్మకండి, మీరు అన్నా సరే. అలబామాలో తల్లిదండ్రుల్నీ పిల్లల్నీ విడివిడిగా అడిగి 2006లో ప్రచురించారు. తెలీదని చెప్పిన తల్లిదండ్రుల్లో 39 శాతం మంది పిల్లలు తమకి తెలుసన్నారు. ఎప్పుడూ పట్టుకోలేదని చెప్పినవాళ్ళలో 22 శాతం మంది పిల్లలు పట్టుకున్నామన్నారు.

మన ఇళ్ళకే ప్రత్యేకమైన సంగతి ఇంకొకటుంది, ఇది ఏ ఇంగ్లీషు కరపత్రంలోనూ నాకు కనపడలేదు. మన అమ్మానాన్నలు ఆర్నెల్లు ఉండటానికి వస్తారు. పగలంతా పిల్లలతో ఉండేది వాళ్ళే. వాళ్ళు భయపడతారని తుపాకీ సంగతి చెప్పం. నాకు తెలిసిన ఒక పెద్దావిడ, కోడలికి సాయంగా ఉంటుందని అల్మరా సర్దుతూ దుప్పట్ల కింద దొరికినదాన్ని, "పిల్లాడి ఆటవస్తువు ఇక్కడ దాచారేమిటో" అనుకుని తీసుకెళ్ళి బొమ్మల బుట్టలో వేశారు. సాయంత్రం దాకా అది అక్కడే ఉంది. ఏమీ కాలేదు. ఆవిడ ఆ మాట నాకు చెబుతూ ఏడ్చారు. తప్పు ఆవిడది కాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఇంట్లో తుపాకీ ఉంటే ఇంట్లో ఉండే ప్రతి పెద్ద మనిషికీ తెలియాలి, తెలుగులో చెప్పాలి. మీరు కరపత్రం వేస్తే మొదటి కాపీ అమ్మమ్మలకీ తాతయ్యలకీ ఇవ్వండి.

హైస్కూలు పిల్లలున్న తల్లిదండ్రులు ఇది చిన్నపిల్లల గొడవ అనుకుని పేజీ తిప్పేయకండి. మార్కులు తగ్గిన రోజో, మనసు విరిగిన రాత్రో, ఆ కాసేపు గడిచిపోతే బతికి బయటపడే పిల్లలు ఎందరో ఉంటారు. చేతికందే దూరంలో తుపాకీ ఉంటే ఆ కాసేపు గడిచే అవకాశం ఉండదు. తాళం వాళ్ళకి కూడా. మీ పిల్లల గురించి దిగులుగా ఉంటే ఏ వేళలోనైనా ఆత్మహత్య ఆలోచనల్లో, మానసిక సంక్షోభంలో సాయం చేసే 988 నంబరుకి ఫోన్ చేయొచ్చు.

ఇక నేను అడగాలనుకున్న సాయం.

ఎవరింటికైనా పిల్లల్ని పంపేముందు మనం చాలానే అడుగుతాం. కుక్క ఉందా అని అడుగుతాం. ఈత కొలనుకి కంచె ఉందా అంటాం. పిల్లాడికి పడని తిండి గురించి ముందే చెబుతాం. ఎవరూ నొచ్చుకోరు. "మీ ఇంట్లో తుపాకీ ఉందా? ఉంటే తాళంలో ఉందా?" అని మాత్రం అడగం. మొహమాటం. వాళ్ళేమనుకుంటారో, మనల్ని అనుమానిస్తున్నారనుకుంటారేమో, అంత పెద్దమనిషిని అలా అడగొచ్చా అని. ఆ శనివారం నేను అడిగి ఉంటే ఆ ఇంటాయన నొచ్చుకునేవారు కాదని ఇప్పుడు నాకు తెలుసు. పైకి వెళ్ళి సొరుగు చూసుకుని ఉండేవారు.

ఈ మొహమాటం ఒక్కో అమ్మ ఒంటరిగా వదిలించుకోలేదు. మీరు తలచుకుంటే వదులుతుంది. రిజిస్ట్రేషన్ ఫారాల్లో ఎలర్జీల గడి పక్కన ఒక వాక్యం చేర్చండి: పిల్లలు ఒకరింటికొకరు వెళ్ళేముందు తుపాకీ, తాళం గురించి అడగడం మన సంఘంలో మామూలు విషయం అని. కార్యవర్గ సభ్యులు తమ ఇళ్ళకి పిలిచినప్పుడు ఆ పిలుపులోనే ముందుగా తామే చెప్పండి. పెద్దవాళ్ళు మొదలుపెడితే మిగతావాళ్ళకి నోరు వస్తుంది. అడగడానికి గుర్తుగా ఈ దేశంలో జూన్ 21న ఒక రోజే పెట్టుకున్నారు. బడులకి వేసవి సెలవులిచ్చి, పిల్లలు ఒకరింట్లో ఒకరు ఉండే రోజులు మొదలయ్యేదీ అప్పుడే. ఆ వారం మీ బడుల్లో ఒక్క గంట దీనికివ్వండి. చాలా ఊళ్ళలో పోలీసులు కేబుల్ తాళాలు ఉచితంగా ఇస్తారు. అడిగి తెప్పించండి. మీకు తెలిసిన తుపాకీ యజమానులనే పిలిచి తాళం ఎలా వేయాలో చూపించమనండి. వాళ్ళు చెబితే మగవాళ్ళు వింటారు. నేను చెబితే భయస్తురాలంటారు.

పోయిన నెల ఆ స్నేహితుల ఇంటి నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. గ్రూపులో అందరికీ పెట్టిన మెసేజ్‌లో వేళ, చిరునామా తర్వాత ఆయన ఇలా రాశారు: "పిల్లలతో వచ్చేవారికి: మా ఇంట్లో తుపాకీ ఉంది. సేఫ్‌లో ఉంది, తూటాలు వేరేగా ఉన్నాయి, రెండు తాళాలూ నా దగ్గరే. చూసుకోవాలనుకుంటే రాగానే అడగండి, చూపిస్తాను." పది నిమిషాలు గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఒకావిడ, "మా ఇంట్లో కూడా ఉంది, ఇప్పుడే తాళం వేశాను" అని పెట్టింది. ఆవిడ ఇంట్లో మా పిల్లలు ఎన్ని రాత్రులు పడుకున్నారో.

మీ తర్వాతి సమావేశంలో నాకు పదిహేను నిమిషాలు ఇప్పించండి. ప్లాస్టిక్ నమూనా, రెండు మూడు రకాల తాళాలు నేనే తెస్తాను. కుర్చీలు ఎలాగూ నేనే వేస్తాను.

ఇట్లు,
మీ వాలంటీరు, ఇద్దరు పిల్లల తల్లి